పేరు దాచి విలువ పంపడం: ఆటోక్యాడ్ ప్లగిన్లలో తాళాలూ దారులూ

ఆటోక్యాడ్ 1982 నవంబరులో లాస్ వెగాస్ కామ్‌డెక్స్ ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. తొలినాళ్లలో అది గీయడమే తప్ప గుర్తుపెట్టుకోవడం తెలియని సాఫ్ట్‌వేర్. దానికి చేతనైన ఆటోమేషన్ అంతా స్క్రిప్టు ఫైలే. కీబోర్డు మీద కొట్టాల్సిన మాటలను వరుసగా రాసి పెట్టుకున్న చీటీ లాంటిది అది. గీత కమాండు, మొదటి బిందువు, రెండో బిందువు, ఎంటర్ అని చీటీలో ఉన్నది ఉన్నట్టు జరిగేది. కొలత మారితే చీటీ మార్చుకోవాలి. ఒక చీటీ తేల్చిన అంకెను మరో చీటీకి అందించే మార్గం లేదు, ఎందుకంటే చీటీ దేన్నీ తేల్చదు.

1985లో వచ్చిన 2.1 వెర్షన్‌లో ‘వేరియబుల్స్, ఎక్స్‌ప్రెషన్స్’ పేరుతో ఒక చిన్న సదుపాయం కనిపించింది. 1986 జనవరిలో 2.18 వెర్షన్‌తో అదే పూర్తి భాషగా ఎదిగి ఆటోలిస్ప్ అయింది. డేవిడ్ బెట్జ్ రాసిన ఎక్స్‌లిస్ప్ అనే చిన్న లిస్ప్ దీనికి మాతృక. కృత్రిమ మేధ పరిశోధకుల కోసం 1958లో జాన్ మెకార్తీ తలపెట్టిన లిస్ప్ భాష డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీదికి రావడం వింతగానే తోచవచ్చు. కానీ బిందువు అంటే మూడు అంకెల జాబితా, గీత అంటే బిందువుల జాబితా. జాబితాలతోనే బతికే భాష లిస్ప్. ఇంతకంటే ఈడైన జోడీ దొరకడం కష్టం.

భాషల మధ్య మొదటి వంతెన కూడా ఆటోలిస్ప్‌తోనే వచ్చింది. అది ఒక్క అక్షరం, ఆశ్చర్యార్థకం. మన ప్లాన్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ మందాన్ని 230 మిల్లీమీటర్లుగా రాస్తారు. లిస్ప్‌లో (సెట్‌క్యూ టీ1 230.0) అని ఒకసారి పెట్టుకుంటే, ఆ తర్వాత ఏ కమాండు దూరం అడిగినా అంకె కొట్టనక్కర్లేదు, !టీ1 అంటే చాలు. ఆ గుర్తు చూడగానే ఆటోక్యాడ్ లిస్ప్ వైపు తిరిగి, టీ1 విలువ తెచ్చుకుని, మనిషి కొట్టినట్టే తీసుకుంటుంది. మెనూ ఫైలులోనూ పాత స్క్రిప్టు చీటీలోనూ కూడా ఇది పనిచేసేది. అంటే లిస్ప్ లెక్కగట్టిన విలువ లిస్ప్ కాని చోటికి చేరింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది: అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ టీ1 అనే పేరు తెలిసి ఉండాలి. ఈ చరిత్రలో వచ్చిన చిక్కులన్నీ ఆ షరతు దగ్గరే మొదలవుతాయి.

ఆటోలిస్ప్ ఫైలు మామూలు టెక్స్టు ఫైలు. మెట్లు గీసే ప్రోగ్రామునో, పైపుల లెక్క తేల్చే ప్రోగ్రామునో నెలల తరబడి రాసి అమ్మేవాడి దగ్గర కొన్నవాడు దాన్ని ఎడిటర్‌లో తెరిచి, పేరు మార్చి, పక్క ఆఫీసుకు ఇచ్చేయవచ్చు. ఈ దిగులు తీర్చడానికి ఆటోక్యాడ్‌ను తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ డెవలపర్లకు రెండు పనిముట్లు ఇచ్చింది. ఒకదాని పేరు కెల్వినేటర్. ఆ పేరు వినగానే మన ఇళ్లలో ఒకప్పుడున్న ఫ్రిజ్జే గుర్తొస్తుంది గానీ ఇది చేసే పని వేరు. కోడ్‌లోని వ్యాఖ్యలను, అనవసరమైన ఖాళీలను తీసేసి, అర్థవంతమైన పేర్ల స్థానంలో అర్థంలేని పొట్టి పేర్లు పెడుతుంది. రెండోది ప్రొటెక్ట్. ఇది ఫైలు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. రక్షిత లిస్ప్ ఫైలు అని చెప్పే మొదటి వరుస తప్ప మిగతాదంతా తెర మీద చెత్తగా కనిపిస్తుంది.

కెల్వినేటర్ వల్ల ఒక లాభం కూడా ఉండేది. డాస్ రోజుల్లో లిస్ప్‌కు దొరికే మెమరీ చాలా తక్కువ. లిస్ప్‌హీప్, లిస్ప్‌స్టాక్ అనే రెండు సెట్టింగులు కలిపి 45,000 బైట్లు దాటకూడదు. ఆరక్షరాలు మించిన పేర్లు అదనపు చోటు తినేవి. కాబట్టి పేర్లు పొట్టివైతే ప్రోగ్రాము తేలికయ్యేది. దొంగల భయం లేనివాళ్లు కూడా మెమరీ కోసం దీన్ని వాడేవాళ్లు.

అసలు చిక్కు పేర్లతోనే వచ్చింది. ప్రోగ్రాములో టీ1ను కెల్వినేటర్ మరేదో గుర్తుగా మారుస్తుంది. మెనూ ఫైలు మాత్రం ఇంకా !టీ1 అనే అడుగుతుంది. లిస్ప్‌లో లేని పేరును అడిగితే తప్పు చూపదు, నిల్ అంటుంది, అంటే శూన్యం. కమాండు దూరం కోసం ఎదురుచూస్తుంటే దాని చేతిలో శూన్యం పడుతుంది. రాసినవాడి యంత్రంలో చక్కగా నడిచిన ప్లగిన్, కొన్నవాడి దగ్గర తాళం పడ్డాక ఇలా మొండికేసేది. అందుకే బయటివాళ్లు పిలవాల్సిన పేర్లను ముట్టుకోవద్దని కెల్వినేటర్‌కు ముందే చెప్పుకోవాలి. ఏ పేర్లు దాచాలి, ఏవి బయట పెట్టాలి అన్నది అప్పటినుంచీ ప్లగిన్ రాసేవాడి నిర్ణయాల్లో ఒకటైంది.

రిలీజ్ 12 (1992) వచ్చేనాటికి ఆటోక్యాడ్ కడుపులో నాలుగైదు భాషలు కాపురముంటున్నాయి. లిస్ప్ సరే సరి. సీ భాషలో రాసుకునే ఏడీఎస్ ఉంది. డైలాగ్ పెట్టెలను వర్ణించే డీసీఎల్ ఉంది. తెర కింది వరుసలోనూ మెనూల్లోనూ చిన్న లెక్కలు చేసే డీజిల్ అనే భాష ఉంది. వీటి మధ్య ఒక్కో జంటకు ఒక్కో రకం బేరం.

వీటన్నిటిలో ఏడీఎస్ బేరమే శుభ్రమైనది. సీ ప్రోగ్రాము ఏడీఎస్_డిఫన్ ద్వారా తన ఫంక్షన్‌ను లిస్ప్‌కు పరిచయం చేస్తుంది. ఆపైన లిస్ప్ దాన్ని తన సొంత ఫంక్షన్‌లాగే పిలుస్తుంది. విలువలు ‘రిజల్ట్ బఫర్’ అనే గొలుసులో వస్తాయి. గొలుసులో ప్రతి కొక్కీకి మూడు భాగాలుంటాయి: ఇది ఏ రకం విలువో చెప్పే అంకె, ఆ విలువ, తర్వాతి కొక్కీ చిరునామా. 5000 అంటే దశాంశ సంఖ్య, 5003 అంటే చిన్న పూర్ణాంకం, 5005 అంటే అక్షరాల వరుస. విలువతో పాటు దాని జాతి కూడా ప్రయాణించడం ఈ పద్ధతి గొప్పతనం. ఏడీఎస్_గెట్‌సిమ్, ఏడీఎస్_పుట్‌సిమ్ అనే మరో జంట సీ ప్రోగ్రాముకు లిస్ప్ వేరియబుల్‌ను పేరుతో చదివే, రాసే అధికారం కూడా ఇచ్చింది. మళ్లీ పేరుతోనే సుమా.

డీసీఎల్‌తో వ్యవహారం అంత సాఫీ కాదు. పెట్టెలో మనిషి నింపిన ప్రతిదీ అక్షరాల వరుసగానే తిరిగొస్తుంది. 230 అని కొడితే లిస్ప్ చేతికి వచ్చేది 230 అనే అంకె కాదు, మూడు అక్షరాలు. వాటిని ఏటాఫ్ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చుకోవాలి. మీట నొక్కినప్పుడు జరగాల్సిన పనిని కూడా కొటేషన్ల మధ్య లిస్ప్ వాక్యంగా రాసి అప్పగించాలి. పెట్టె ఆ వాక్యాన్ని దాచుకుని, నొక్కినప్పుడు చదివి నడుపుతుంది. కొటేషన్ల మధ్య ఉన్న పేరు ఏ కంపైలర్ కంటికీ పేరుగా కనిపించదు, అది ఉత్త పాఠ్యం. ఈ సంగతి తర్వాతి దశాబ్దంలో చాలామందిని ఏడిపించింది.

డీజిల్‌కు లిస్ప్ వేరియబుళ్లు కనిపించనే కనిపించవు. దానికి తెలిసినవి ఆటోక్యాడ్ సిస్టమ్ వేరియబుళ్లు మాత్రమే. అవి లిస్ప్‌కూ సీ ప్రోగ్రాములకూ కూడా తెలుసు. వాటిలో వాడుకరుల కోసమే ఖాళీగా వదిలినవి 15 ఉన్నాయి. యూజర్‌ఐ1 నుంచి యూజర్‌ఐ5 వరకు పూర్ణాంకాలకు, యూజర్‌ఆర్1 నుంచి యూజర్‌ఆర్5 వరకు దశాంశ సంఖ్యలకు, యూజర్‌ఎస్1 నుంచి యూజర్‌ఎస్5 వరకు అక్షరాలకు. సత్రం గోడకు గూళ్లున్నట్టు ఉంటాయివి. ఎవరైనా పెట్టవచ్చు, ఎవరైనా తీయవచ్చు, ఎవరి సామానూ భద్రం కాదు. అయినా తాళం వేసిన ప్లగిన్‌కు ఇవి వరంలా పనికొచ్చాయి. ప్రొటెక్ట్ చేసినా, కెల్వినేటర్‌లో రుబ్బినా యూజర్‌ఎస్1 అనే పేరు మారదు కదా. అది ప్లగిన్ పేరు కాదు, ఆటోక్యాడ్‌దే. లోపలి పేర్లన్నీ దాచుకుని, ఫలితం మాత్రం ఈ గూట్లో పెట్టి పోతే అవతలివాడు వచ్చి తీసుకుంటాడు. అందుకే ఎన్ని కొత్త మార్గాలు వచ్చినా ఈ పదిహేను గూళ్లు ఖాళీగా ఉన్న రోజు లేదు.

వీటి గుణదోషాలు దగ్గరగా చూడదగ్గవి. యూజర్‌ఐలో పట్టేది 16 బిట్ల పూర్ణాంకమే. -32,768 నుంచి 32,767 వరకే దాని పరిధి. 40 మీటర్ల ప్లాటు పొడవును మిల్లీమీటర్లలో 40,000 అని పెట్టబోతే అది పట్టదు. దశాంశ సంఖ్యగా మార్చి యూజర్‌ఆర్‌లో పెట్టాలి. యూజర్‌ఐ, యూజర్‌ఆర్ విలువలు డ్రాయింగుతో పాటు సేవ్ అవుతాయి. యూజర్‌ఎస్ విలువలు కావు. అంటే ఒక ఆఫీసులో ఒక ప్లగిన్ యూజర్‌ఆర్1లో వదిలిన అంకె ఆ డ్రాయింగుతో పాటే ఈమెయిల్లో మరో ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ఇంకో ప్లగిన్ అదే గూట్లో తన స్కేలు ఉంటుందనుకుని చదువుతుంది. దోషం ఎవరిదో ఎప్పటికీ తేలదు. రెండు ప్లగిన్ల ఫైళ్లూ తాళాల్లో ఉంటాయి మరి.

యూజర్‌ఎస్‌లో ఒకటి కంటే ఎక్కువ విలువలు పెట్టాలంటే వాటిని అక్షరాలుగా మార్చి, మధ్య కామాలో నిలువు గీతలో పెట్టి కుట్టాలి. కొన్ని యంత్రాల్లో 460 అక్షరాలతో గూడు నిండిపోతుంది. మార్చేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. ఆర్‌టీఓఎస్ అనే లిస్ప్ ఫంక్షన్‌కు ఎన్ని దశాంశ స్థానాలో చెప్పకపోతే డ్రాయింగులో అప్పటికున్న అమరికనే పాటిస్తుంది. ఆ అమరిక రెండు స్థానాలైతే 12.345678 కాస్తా 12.35గా కుట్టబడుతుంది. అవతలివైపు విప్పినవాడికి దొరికేది 12.35. వెయ్యి బిందువుల రోడ్డు అలైన్‌మెంటులో ఇలా జరిగితే గీతలు కలవాల్సిన చోట కలవవు, తెర మీద చూస్తే కలిసినట్టే కనిపిస్తాయి.

1997లో వచ్చిన రిలీజ్ 14తో కథ మలుపు తిరిగింది. ఆటోక్యాడ్ తన వస్తువులను యాక్టివ్‌ఎక్స్ అనే విండోస్ పద్ధతి ద్వారా బయటి ప్రోగ్రాములకు తెరిచింది. ఆ వెనుకే వీబీఏ అనే మాక్రో భాష లోపలికి వచ్చింది. ఎక్సెల్‌లో మాక్రోలు రాసిన అనుభవం ఉన్నవాళ్లంతా ఇప్పుడు డ్రాయింగులకూ రాయగలిగారు. అదే కాలంలో బేసిస్ సాఫ్ట్‌వేర్ వారి వైటల్ లిస్ప్‌ను ఆటోడెస్క్ కొనుక్కుని విజువల్ లిస్ప్ పేరుతో తెచ్చింది. 1999లో ఆటోక్యాడ్ 2000తో అది ప్రధాన ప్యాకేజీలో కలిసింది. అంటే ఒకే ఇంట్లో లిస్ప్, వీబీఏ పక్కపక్క గదుల్లో చేరాయి. మధ్యలో తలుపు మాత్రం సరిగా పెట్టలేదు. లిస్ప్ నుంచి వీఎల్-వీబీఏరన్‌తో మాక్రోను పిలవవచ్చు, కానీ మాక్రోకు ఆర్గ్యుమెంట్లు ఇవ్వడం కుదరదు. వీబీఏ నుంచి సెండ్‌కమాండ్‌తో లిస్ప్ వాక్యాన్ని కమాండు లైనుకు పంపవచ్చు, కానీ జవాబు తిరిగి రాదు. కొన్ని సందర్భాల్లో ఆ వాక్యం మాక్రో ముగిశాకే నడుస్తుంది. ఇంత పెద్ద సంస్థ ఇంత చిన్న తలుపు మరిచిపోవడం ఆశ్చర్యమే. దాంతో జనం మళ్లీ సత్రం గూళ్ల దగ్గరికే వెళ్లారు. లిస్ప్ యూజర్‌ఎస్1లో పెడుతుంది, మాక్రోను పిలుస్తుంది, మాక్రో గెట్‌వేరియబుల్‌తో తీసుకుని జవాబు యూజర్‌ఎస్2లో పెడుతుంది.

కాస్త తెగువ ఉన్నవాళ్లు వీఎల్.అప్లికేషన్ అనే యాక్టివ్‌ఎక్స్ వస్తువును కనిపెట్టారు. అధికారిక పత్రాల్లో లేని తలుపు అది. దాని ద్వారా వీబీఏ లిస్ప్ ఫంక్షన్లను నేరుగా పిలిచి విలువ తిరిగి తీసుకోగలిగింది. వస్తువు పేరు చివర ఉండే అంకె ఆటోక్యాడ్ తరాన్ని బట్టి 1 నుంచి 16కు మారింది. ఆ ఒక్క అంకె దిద్దుకోని మాక్రోలు కొత్త వెర్షన్‌లో నిలిచిపోయాయి. నేరుగా పిలిచినా అనువాదం తప్పదు. లిస్ప్‌లో బిందువు జాబితా, వీబీఏలో అది దశాంశ సంఖ్యల సేఫ్‌అర్రే. లిస్ప్‌లో అబద్ధం అంటే నిల్, ఖాళీ జాబితా కూడా అదే. వీబీఏలో నిజం విలువ -1. అందుకే విజువల్ లిస్ప్‌లో వ్లాక్స్-ట్రూ, వ్లాక్స్-ఫాల్స్ అని వేరే జత పుట్టింది.

తాళం కూడా మారింది. విజువల్ లిస్ప్ కోడ్‌ను కంపైల్ చేసి ఫ్యాస్ ఫైలుగా, లేదా అనేక ఫైళ్లను డైలాగ్ పెట్టెలతో సహా మూటగట్టి వీఎల్‌ఎక్స్‌గా ఇస్తుంది. ప్రొటెక్ట్ చేసిన ఫైళ్లను విప్పే పనిముట్లు అప్పటికే చేతులు మారుతున్నాయి కాబట్టి డెవలపర్లు దీనికి సంబరపడ్డారు. ఫ్యాస్ లోపలి భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. విప్పే తాళంచెవి మాత్రం ఆ ఫైలులోనే ఉంటుంది, లేకపోతే ఆటోక్యాడ్ దాన్ని నడపలేదు. కాబట్టి ఇది కుతూహలాన్ని ఆపే తాళం, పట్టుదలను ఆపేది కాదు. కంపైలర్‌లో ఆప్టిమైజ్ అనే ఎంపిక పెడితే బయటికి అక్కర్లేదనుకున్న పేర్లను అది పూర్తిగా వదిలేస్తుంది. డైలాగ్ మీటకు కొటేషన్ల మధ్య రాసిన పేరు సంగతి దానికి తెలియదు. మీట నొక్కితే అలాంటి ఫంక్షన్ లేదని జవాబు. కెల్వినేటర్ నాటి టీ1 కథ వేరే వేషంలో మళ్లీ వచ్చింది.

ఆటోక్యాడ్ 2000లోనే ఒకేసారి చాలా డ్రాయింగులు తెరిచే వీలు వచ్చింది. ప్రతి డ్రాయింగుకూ సొంత నేమ్‌స్పేస్ ఉంటుంది, అంటే ఒక డ్రాయింగులోని టీ1 మరో డ్రాయింగుకు తెలియదు. వీఎల్‌ఎక్స్‌కు కూడా కావాలంటే విడి నేమ్‌స్పేస్ ఇవ్వవచ్చు. అప్పుడది గదిలోపల గది. పేర్ల మీద పెట్టే ఈ గోడ ఎన్‌క్రిప్షన్ కంటే మేలైన రక్షణ. కోడ్ చదవగలిగినవాడు కూడా నడుస్తున్న ప్రోగ్రాము వేరియబుల్‌ను పొరపాటున చెరపలేడు. ఈసారి తలుపులను కూడా ఆలోచించే పెట్టారు. వీఎల్-డాక్-ఎక్స్‌పోర్ట్ ఒక ఫంక్షన్‌ను బయటి డ్రాయింగుకు కనిపించేలా చేస్తుంది. వీఎల్-డాక్-రెఫ్ డ్రాయింగులోని వేరియబుల్‌ను లోపలికి చదువుతుంది, వీఎల్-డాక్-సెట్ బయటికి రాస్తుంది. ఇవేవీ చాలనప్పుడు ఏ డ్రాయింగుకూ ఏ వీఎల్‌ఎక్స్‌కూ చెందని ‘బ్లాక్‌బోర్డు’ ఉంది. వీఎల్-బీబీ-సెట్‌తో దాని మీద రాయవచ్చు, వీఎల్-బీబీ-రెఫ్‌తో ఎవరైనా చదవవచ్చు. పాత గూళ్లతో పోలిస్తే దీని మీద జాబితా జాబితాగానే ఉంటుంది, దశాంశం కోత పడదు, పేర్లు పదిహేనే అన్న హద్దు లేదు. అయితే ఇది లిస్ప్ ఇంటి పలక. డీజిల్‌కు ఇది కనిపించదు.

ఆటోక్యాడ్ బయటి స్క్రిప్టింగ్ భాషలతో మాట్లాడటానికి మరో అడ్డదారి పుట్టింది. వ్లాక్స్-క్రియేట్-ఆబ్జెక్ట్‌తో విండోస్‌లోని స్క్రిప్ట్‌కంట్రోల్ వస్తువును తెచ్చుకుని, భాష వీబీస్క్రిప్టు అని చెప్పి, వాక్యాన్ని అక్షరాల వరుసగా ఇస్తే జవాబు లిస్ప్ విలువగా తిరిగొస్తుంది. ఫ్యాస్ తాళంలోపల లిస్ప్, దాని కొటేషన్లలోపల వీబీస్క్రిప్టు. ఇన్‌పుట్ పెట్టె చూపడానికీ తేదీల లెక్కకూ ఇది బాగా నడిచింది. 64 బిట్ల ఆటోక్యాడ్ వచ్చాక ఆగింది. స్క్రిప్ట్‌కంట్రోల్ 32 బిట్లలో మాత్రమే ఉంది. వీబీఏకూ అదే గతి పట్టింది. 2010 వెర్షన్ నుంచి దాన్ని ప్యాకేజీలో ఇవ్వడం ఆపి విడిగా దించుకోమన్నారు. 2014 వెర్షన్‌తో కొత్త వీబీఏ 7 వచ్చేదాకా 64 బిట్ల ఆటోక్యాడ్‌లో అది వేరే ప్రాసెస్‌గా కుంటుతూ నడిచింది. ఈలోగా మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ ఆ చోటును ఆక్రమించింది. అందులో ఒక ఫంక్షన్ మీద లిస్ప్‌ఫంక్షన్ అనే గుర్తు పెడితే చాలు, లిస్ప్ దాన్ని పిలవగలదు. విలువలు వచ్చేది ఏడీఎస్ కాలపు రిజల్ట్ బఫర్ గొలుసులోనే, 5003, 5005 అంకెలతో సహా.

తాళం వేసిన లిస్ప్ లోపలి నుంచి బయటి భాషను పిలిచే మార్గాన్ని దొంగలు కూడా నేర్చారు. 2012 జూన్‌లో ఈసెట్ అనే యాంటీవైరస్ సంస్థ ఏసీఏడీ/మెడ్రే.ఏ అనే పురుగు గురించి ప్రకటించింది. ఎక్కువగా పెరూ దేశంలో కనిపించిన ఆ పురుగు అసలు రూపం ఒక ఫ్యాస్ ఫైలు. డ్రాయింగు ఉన్న ఫోల్డరులోనే ఆటోక్యాడ్ తనంతట తాను నడిపే పేరుతో కూర్చునేది. డ్రాయింగు తెరవగానే లిస్ప్ లేచి ఆ డ్రాయింగు ఫైలు ఏదో, ఎక్కడుందో తెలుసుకునేది. ఈమెయిలు పంపడం లిస్ప్ వల్ల కాదు కనుక వీబీస్క్రిప్టు ఫైలు రాసి, దాన్ని విండోస్ స్క్రిప్టు హోస్టుతో నడిపి, డ్రాయింగును చైనాలోని ఈమెయిలు ఖాతాలకు పంపేది. ప్లగిన్ రాసేవాళ్లు పాతికేళ్లుగా చేస్తున్న పనికీ దీనికీ పద్ధతిలో తేడా లేదు. తాళం వేసిన ఫైలును ఎవరూ తెరిచి చూడరన్న నమ్మకమే దీనికి పెట్టుబడి.

ఆ తర్వాతి వెర్షన్లలో కట్టుదిట్టం పెరిగింది. 2014 వెర్షన్‌తో సెక్యూర్‌లోడ్, ట్రస్టెడ్‌పాత్స్ అనే రెండు సిస్టమ్ వేరియబుళ్లు వచ్చాయి. నమ్మిన ఫోల్డరులో లేని ఫైలును లోడు చేయాలంటే ఆటోక్యాడ్ అడుగుతుంది. 2016 నుంచి లిస్ప్ ఫైళ్లకు డిజిటల్ సంతకం పెట్టవచ్చు.

2021 వెర్షన్ లిస్ప్‌కు యూనికోడ్ తెచ్చింది. అంతవరకు లిస్ప్ అక్షరాల వరుసలు విండోస్ ప్రాంతీయ కోడ్ పేజీని బట్టి నడిచేవి. తెలుగుకు విండోస్‌లో అలాంటి పాత కోడ్ పేజీ లేదు, ఉన్నది యూనికోడ్ ఒక్కటే. అందువల్ల డ్రాయింగులో ‘వంటగది’ అని తెలుగులో రాసిన గది పేరును లిస్ప్ చేతికిచ్చి మరో భాషకు దాటించడం నమ్మదగ్గ పనిగా ఉండేది కాదు. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో టైపు చేసిన మాట దాటేది, ఎందుకంటే దాని లోపల ఉన్నవి మామూలు ఎనిమిది బిట్ల గుర్తులే. ఫాంటు తీసేస్తే అది తెలుగే కాదు. లిస్ప్‌సిస్ అనే సిస్టమ్ వేరియబుల్‌ను 1గా ఉంచితే యూనికోడ్ అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. కానీ ఆ అమరికతో కంపైల్ చేసిన ఫ్యాస్ ఫైలు 2020, అంతకు ముందటి ఆటోక్యాడ్‌లలో నడవదు. పాతవాళ్లకు కూడా అమ్మాలంటే లిస్ప్‌సిస్‌ను 2గా పెట్టి, ఆటోక్యాడ్‌ను మూసి తెరిచి, మళ్లీ కంపైల్ చేయాలి. చవక వెర్షన్ అయిన ఆటోక్యాడ్ ఎల్‌టీకి ఆటోలిస్ప్ 2024 వెర్షన్‌తో గానీ దక్కలేదు. అందులో తాళం వేసిన ఫ్యాస్, వీఎల్‌ఎక్స్ ఫైళ్లు నడుస్తాయి. ఎక్సెల్ వంటి బయటి ప్రోగ్రాములను పిలిచే వ్లాక్స్-క్రియేట్-ఆబ్జెక్ట్ లేదు. యూజర్‌ఎస్1 నుంచి యూజర్‌ఎస్5 వరకు మాత్రం ఉన్నాయి.